ఠాకురాణి యాత్రకు మా వీధి ఖర్చంతా ఒక్క దుకాణమే భరిస్తానంటే ఒప్పుకోవచ్చునా?

ప్రశ్న (బరంపురం నుంచి)

బరంపురంలోని పాత నేతవీధుల్లో ఒకదానిలో మా కుటుంబం నాలుగు తరాలుగా ఉంటోంది. మా తాతగారి కాలంలో ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు గాని, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా అన్న అలవాటు మాత్రం అలాగే నిలిచింది. మా వీధి సంఘం లెక్కలు, ఉత్తరాలు నేనే చూస్తాను. ఒక విషయంలో మీ అందరి ఆలోచన కావాలి.

ఒడిశాలోని మా గంజాం జిల్లా బయటివారికి కొంత వివరం చెప్పాలి. బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర మా ఊళ్లో రెండేళ్లకొకసారి, చైత్రమాసంలో జరుగుతుంది. అమ్మవారు తన గుడి విడిచి దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది. అది ఆమెకు పుట్టిల్లు. దేశిబెహరా అంటే డేరా నేతకులానికి వంశపారంపర్యంగా వచ్చే పెద్ద. మహురి రాజులు పట్టునేత కోసం రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి పిలిపించుకున్న తెలుగు నేతగాళ్లే తమ మూలపురుషులని ఈ కులం పెద్దలు చెబుతారు. అమ్మవారు పుట్టింట్లో ఉన్న మూడు నాలుగు వారాలూ రాత్రిళ్లు స్త్రీలు ఘటాలు తలకెత్తుకుని వీధుల్లో తిరుగుతారు. మొక్కున్నవారు పులివేషం మొదలుకొని శివుడు, కృష్ణుడు, నారదుడి వరకు రకరకాల వేషాలు కట్టి అమ్మవారి ముందుకు వెళ్తారు. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది. ఆ తర్వాత మన బడులు తగ్గాయి, మన పత్రికలు తగ్గాయి. ఉద్యోగాలకు వెళ్లినవారంతా ఒక్కసారిగా తిరిగి వచ్చి, వీధి అరుగుల మీద తెలుగులో మాట్లాడుకునేది ఈ యాత్రలోనే.

2025 యాత్రలో మా వీధి పందిరికి, దీపాలకు అయ్యే ఖర్చులో సగం ఒక పెద్ద దుకాణంవారు ఇచ్చారు. మిగతా సగానికి పాత నిల్వ సరిపోయింది. అందుచేత ఆ యేడు చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగలేదు. అందరికీ భారం తగ్గిందనే అనుకున్నాము. వీధి మొదట్లో కట్టిన ఆర్చి మీద దుకాణం పేరు నిలువెత్తున వెలిగింది. అమ్మవారి పేరు దానికింద ఉంది. ఘటం మా వీధికి వచ్చిన రాత్రి ఫొటోల కోసం ఆ ఆర్చి దగ్గర చాలాసేపు ఆపారు. వీధి చివరి ఇళ్లకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, మోసేవారు అలిసిపోయారు, దాదాపు పరుగు మీద సాగిపోయారు. చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇత్తడి చెంబులో పసుపునీళ్లు, వేపమండ పట్టుకుని సాయంత్రం నుంచీ గుమ్మంలో కూర్చుంది. ఘటం మోసే స్త్రీల కాళ్ల మీద ఆ నీళ్లు పోయాలని ఆమె కోరిక. లేచేలోపే ఘటం దాటిపోయింది. మర్నాడు నన్ను పిలిచి, ఘటం సంగతి ఒక్క మాటైనా ఎత్తకుండా, "ఈసారి చందాకు నా ఇంటికి రాలేదేం నాయనా, నన్ను వీధిలోంచి తీసేశారా?" అని అడిగింది. ఆమె ప్రతిసారీ ఇచ్చేది యాభై రూపాయలు.

ఇప్పుడు అదే దుకాణంవారు వచ్చే యాత్రకు మా వీధి ఖర్చు మొత్తం, సుమారు నాలుగు లక్షలు, తామే భరిస్తామంటున్నారు. సంఘంలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. వద్దనడానికి నా దగ్గర సరైన కారణం లేదు, అవ్వ అడిగిన ప్రశ్న తప్ప. మీ ఊళ్లలో ఇలాంటిది ఎదురైనప్పుడు ఏం చేశారో చెప్పండి.

సమాధానం 1 (పర్లాకిమిడి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి)

వ్యాపారం వచ్చి భక్తిని చెడగొట్టిందని నేను ఒక్కమాటలో అనలేను. డబ్బు లేకుండా మన ఉత్సవాలు ఏనాడూ నడవలేదు. రాజులు మాన్యాలిచ్చారు, కోమట్లు సత్రాలు కట్టించారు, నేతగాళ్లు పట్టుచీరలు పెట్టారు. అమ్మకం కూడా మనకు కొత్త కాదు. పూరీలో జగన్నాథుని మహాప్రసాదం ఆలయ ప్రాంగణంలోని ఆనందబజారులో డబ్బుకే దొరుకుతుంది. కట్టెల పొయ్యిల మీద మట్టికుండల్లో వండిన ఆ అన్నాన్ని సువారులనే గుడి వంటవారు అమ్ముతారు, యాత్రికులు బేరమాడి కొంటారు. అయినా అక్కడ తినడానికి కూర్చున్నాక ఏ కులంవాడు ఏ కులంవాడి పక్కన కూర్చున్నాడో, ఎవరి చేతి అన్నం ఎవరు తిన్నారో అడిగే దిక్కు లేదు. అక్కడ అన్నానికి వెల ఉంది గాని పంక్తిలో చోటుకు వెల లేదు. నా దృష్టిలో చూసుకోవలసింది ఇదొక్కటే.

మీ దుకాణంవారు అడుగుతున్నది చోటు. దాత అయితే హుండీలో వేసి, అందరితోపాటు వరుసలో నిలబడతాడు. వీరు ఘటం ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించే హక్కు కొనుక్కుంటున్నారు. 2025లో ఆ హక్కు సగం ధరకే పోయింది. అవ్వ చెంబులో నీళ్లు మిగిలిపోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆర్చి దగ్గర ఖర్చయిన సమయం వీధిలో ఎవరో ఒకరి గుమ్మం ముందు తగ్గవలసిందే గదా.

ఇంకొక మాట. అమ్మవారు మీ వీధులకు పుట్టింటి ఆడబిడ్డ అన్నారు. ఆడబిడ్డ వచ్చినప్పుడు పక్కింటివారు కూరా నారా పంపితే సంతోషంగా తీసుకుంటాము. సారె మాత్రం మనమే పెడతాము, అప్పు చేసైనా పెడతాము. సారె ఏది, కూర ఏది అన్నది మీ సంఘం ముందుగా తేల్చుకోవాలి. దీపాలు, మంచినీళ్లు, వైద్యశిబిరం ఎవరిచ్చినా ఫరవాలేదు. ఘటానికి, పూజకు, సన్నాయి డప్పులవారికి అయ్యేది మాత్రం ఇంటింటి చందాలోంచే రావాలి. పైగా ఏ ఒక్కరి దగ్గరా మొత్తం ఖర్చులో పదోవంతుకు మించి తీసుకోకూడదని నియమం పెట్టుకుంటే, మాట చెల్లించుకునేటంత పెద్దవాడు ఎవడూ తయారు కాడు.

సమాధానం 2 (గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి)

మాస్టారు చెప్పినదానికి నేను మా వైపు అనుభవం చేరుస్తాను. సిరొంచ మహారాష్ట్రలో ఉన్నా మా మొక్కులన్నీ గోదావరి అవతలే. కాళేశ్వరం ఎదురుగా కనిపిస్తుంది, దాన్ని దాటి పోతే మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర కూడా మీ యాత్రలాగే రెండేళ్లకొకసారి, మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. అక్కడ విగ్రహం లేదు. కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను కోయ పూజారులు గద్దెల మీదికి తెస్తారు. మనం ఇచ్చే బంగారం అంటే బెల్లమే. మనిషి ఎత్తు తూచి ఇస్తే అది నిలువెత్తు బంగారం.

వంతెన లేని రోజుల్లో మా నాన్నగారు పడవలో గోదావరి దాటి, అవతలి ఒడ్డున చుట్టాల ఎడ్లబండి ఎక్కి వెళ్లేవారు. జాతర నాలుగు రోజులైనా, దారితో కలిపి పది రోజుల ప్రయాణం. ప్రతి జాతరకూ అదే ఇప్పచెట్టు కింద మా నాలుగు ఊళ్లవారూ దిగేవారు. పెళ్లిసంబంధాలు కుదిరేవి, పాత తగాదాలు తీరేవి, అప్పటివరకు మాటల్లేని అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండుకునేవారు. 1996లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించాక రోడ్లు, బస్సులు, నీళ్లు, వైద్యం వచ్చాయి. వాటిని తప్పుపట్టేవారికి గర్భిణులను ఎడ్లబండిలో తీసుకుపోయిన రోజులు తెలియవు.

నేను చెప్పదలచింది 2024 సంగతి. ఆ జాతరకు మా అమ్మ కదలలేని స్థితిలో ఉంది. ఆర్టీసీ కార్గోవారు 299 రూపాయలకు ప్రసాదం ఇంటికి చేర్చే ఏర్పాటు చేశారని విని, హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి పేర బుక్ చేయించాను. వాడు తెచ్చిచ్చాడు. అమ్మ పొట్లం కళ్లకద్దుకుంది, బెల్లం నోట్లో వేసుకుంది, చాలా సంతోషించింది. ఆ తర్వాత అడిగింది: "ఎవరెవరు వచ్చారు? ఇప్పచెట్టు కిందే దిగారా? పెద్దనాన్న కోడలు కనిపించిందా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. మా ఇంటి నుంచి ఆ యేడు ఎవరమూ వెళ్లలేదు. పొట్లం వస్తుంది గదా, ఇంక వెళ్లడమెందుకని అందరమూ అనుకున్నాము.

ఆ ఏర్పాటు చేసినవారి తప్పు ఇందులో లేదు. మంచంలో ఉన్నవారికి అది నిజంగా మేలే. లేచి తిరిగే నేను దాన్ని నా బదులు పంపుకోవడం నా తప్పు. మీ దగ్గర కూడా దుకాణం డబ్బు కన్నా, ఆ డబ్బు చూసి చందా పుస్తకం మూసేయడమే ఎక్కువ నష్టం చేసిందని నాకనిపిస్తోంది. యాభై రూపాయల కోసం కాకపోయినా, మీరు ఆ గుమ్మం ఎక్కాలి. చందాకు వెళ్లిన మనిషి ఎవరికి జబ్బు చేసిందో, ఎవరింట్లో కొత్త కోడలు వచ్చిందో, ఎవరు ఘటం రోజున సాయానికి వస్తారో తెలుసుకుని వస్తాడు.

సమాధానం 3 (రాయగడ జిల్లా నుంచి, గుడి దగ్గర కొట్టు నడుపుతాను)

వ్యాపారం అనగానే మావంటివారినీ ఒకే గాటన కట్టవద్దని మనవి. కొబ్బరికాయలు, గాజులు, పసుపు కుంకుమలు అమ్ముకునే మేము ఆ గుడితోపాటే పుట్టాము. మా అమ్మ తట్టలో పెట్టుకుని అమ్మేది, నేను రేకుల కొట్టులో అమ్ముతున్నాను. చెప్పులు మా దగ్గర విడిచి వెళ్తారు, పిల్లలు తప్పిపోతే మా దగ్గరికే తెస్తారు. మొక్కు తీర్చడానికి వచ్చి దారిఖర్చు పోగొట్టుకున్నవారికి అప్పిచ్చి పంపిన రోజులున్నాయి, మరుసటి ఏడు తెచ్చి ఇచ్చినవారూ ఉన్నారు.

మాకు దెబ్బ తగిలింది స్థలాలన్నీ కలిపి ఒకే వేలంపాట పెట్టినప్పుడు. అంత సొమ్ము మాలో ఎవరూ పాడలేరు. ఊరుగాని ఊరి నుంచి వచ్చిన ఒక గుత్తేదారు పాడుకుని, మళ్లీ మాకే రోజువారీ అద్దెకు ఇచ్చాడు. ఆ అద్దె కట్టడానికి కాయ ధర పెంచక తప్పలేదు. కొన్నవాడు మమ్మల్నే తిట్టాడు. మీరు సంఘంలో మాట్లాడేటప్పుడు ఒక విషయం తప్పక అడగండి. ఆ నాలుగు లక్షలకు బదులుగా వీధిలో కొట్లు పెట్టుకునే హక్కు కూడా వారికే పోతుందా? ప్రతి యాత్రలో మీ వీధిలో బొరుగులు, బొమ్మలు, పూలు అమ్ముకునేవారు ఏమవుతారు? మొదటి సంవత్సరం ఎవరూ నోటితో చెప్పరు. కాగితంలో మాత్రం ఉంటుంది.

సమాధానం 4 (బరంపురం నుంచి)

నేను పులివేషాలకు రంగులు వేస్తాను. ఒక ఒంటికి పసుపు రంగు పూసి, ఆరనిచ్చి, నల్లచారలు దిద్దడానికి గంటల తరబడి పడుతుంది. అంతసేపూ మొక్కున్న మనిషి కదలకుండా నిలబడాలి. పొద్దుటి నుంచి ఉపవాసం ఉంటాడు. బిడ్డకు జ్వరం తగ్గిందనో, పోయిన కొలువు మళ్లీ దొరికిందనో, ఎందుకు మొక్కుకున్నాడో రంగు వేయించుకుంటూ నాకు చెబుతాడు.

ఈమధ్య కొన్ని సంస్థలవారు ఊరేగింపులో తమ బ్యానరు వెనక ఆడటానికి పది పులులు, పదిహేను పులులు కావాలని కూలికి మాట్లాడుతున్నారు. కుర్రాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, నాకూ పని పెరిగింది, అది దాచను. కాని కూలిపులి అమ్మవారి ముందుకు వెళ్లడం లేదు. బ్యానరు ఎక్కడ ఆగితే అక్కడే ఆడి, రంగు కడుక్కుని ఇంటికి పోతున్నాడు. అందుకే గత యాత్రలో నేనొక కట్టుబాటు పెట్టుకున్నాను. మొక్కుపులులకు ముందు, కూలిపులులకు తర్వాత. ఎంత ఎక్కువ ఇస్తామన్నా ఈ వరుస మార్చలేదు. మీ వీధివారు కూడా దుకాణంవారితో వరుస గురించే ముందు మాట్లాడుకుంటే మంచిది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ నమస్కారాలు. మాస్టారు చెప్పిన సారె మాట మా అమ్మకు చదివి వినిపించాను. "ఈ సంగతి మీ సంఘంవాళ్లకు ఇంకొకరు చెప్పాలా" అని కోప్పడింది. రాయగడ అన్నగారు అడిగిన ప్రశ్న చూశాక దుకాణంవారు పంపిన ఒప్పంద పత్రం మళ్లీ తీసి చదివాను. మూడో పేజీలో, యాత్ర జరిగినన్నాళ్లు మా వీధిలో కొట్ల అనుమతులు వారి ద్వారానే ఇవ్వాలని ఉంది. ఈ మాట సంఘంలో ఎవరికీ తెలియదు. అంతవరకు చదవకుండానే మా అధ్యక్షులు సంతకానికి సిద్ధమయ్యారు. నేనూ మొదటి పేజీలో అంకె చూసి ఆగిపోయాను.

ఆదివారం సమావేశంలో ఈ పత్రాన్ని అందరి ముందు చదువుతాను. దీపాలకు, మంచినీళ్లకు మాత్రమే వారి సాయం అడిగి, అదీ పదోవంతుకు మించకుండా తీసుకుందామని, ఘటం ఖర్చు చందాలోంచే పెడదామని, ఘటం వీధి చివరి ఇంటి నుంచి మొదలై మొదటికి రావాలని ప్రతిపాదిస్తాను. చివరిదానికి దేశిబెహరా ఇంటివారి అనుమతి కావాలి. దారి మార్చడం మా చేతిలో లేదు. వారు కాదంటే, కనీసం ఏ ఆర్చి దగ్గరా ఘటాన్ని ఆపకూడదని రాయించుకోవాలి.

కొత్త చందా పుస్తకం కొన్నాను. సమావేశానికి ముందే, శనివారం సాయంత్రం, అవ్వ ఇంటికి వెళ్తున్నాను. ఆ రాత్రి ఘటం ఆమె గుమ్మం ముందు ఎందుకు ఆగలేదో కూడా ఆమెకు చెప్పాలి. ఇన్నాళ్లయినా నేను ఇంతవరకు చెప్పలేదు. ఇలా దాతలతో షరతులు రాతపూర్వకంగా రాసుకున్న సంఘాలు మీ ఊళ్లలో ఉంటే, ఆ రాత నమూనా ఆదివారంలోగా ఇక్కడ పెట్టగలరా?