సమస్య: చారలే లేని బాతిది చారతలది

తేటగీతి పాదం. చారతల బాతు (బార్ హెడెడ్ గూస్) మంగోలియా, టిబెట్ సరస్సుల్లో పొదిగి, హిమాలయాలు దాటి చలికాలానికి మనవైపు వస్తుంది. కర్ణాటకలోని మాగడి చెరువులో పెద్ద గుంపులు దిగుతాయి. తెల్లని తల వెనుక రెండు నల్లచారలే దీని గుర్తు. మరి చారల్లేని బాతును చారతలదని ఎలా అంటారు? పూరించండి.

ఒంగోలు సభ్యుడు:

ఎదురుగా జూడ దెలుపాయె నెత్తు మోము
వెనుక నున్నట్టి గీతలు వెలికి రాక;
మరలినప్పుడె గుట్టెల్ల మాకు దెలిసె
చారలే లేని బాతిది చారతలది

నిర్వాహకుడు: బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డవాళ్ళకు బాగా తెలిసిన సంగతి. సహజంగా ఉంది.

హైదరాబాద్ సభ్యురాలు:

ముక్కు జూడ గులాబియై ముద్దుగొలుపు;
పక్కదానికి ముక్కేమొ పసుపు వన్నె;
వరుసగా వీని బేర్కొన వలసెనేని
చారలే లేని బాతిది, చారతలది

నిర్వాహకుడు: క్రమాలంకారంతో (చెప్పిన వరుసలోనే జత కలపడంతో) విరోధం విడిపోయిందమ్మా! మొదటిది గ్రేలాగ్, తలపై చారల్లేని మరో జాతి బాతు. మనకు వచ్చే తూర్పు జాతికి ముక్కూ కాళ్ళూ గులాబీయే. రెండో పాదం మాత్రం కొంచెం వచనంలా నడిచింది.

నెల్లూరు సభ్యుడు:

మందలోపల నొక్కటి మసకబారు
తలను దాల్చినదైనను దల్లి పసుపె
కాళ్ళకంటెను, దొలియేటి కందు గాన
చారలే లేని బాతిది చారతలది

నిర్వాహకుడు: నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే. తొలి చలికాలపు పిల్లకు (మీ 'కందు'కు) చారలు ఏర్పడవు. నడినెత్తి, మెడ వెనుక మసకగా ఉంటాయి, ముఖం మాత్రం తెలుపే. పిల్లలు తల్లిదండ్రుల వెంటే వలస వస్తాయి కాబట్టి 'తల్లి పసుపె కాళ్ళకు అంటెను' అనడం అతికింది. ఒక్క అభ్యంతరం: కాళ్ళ రంగు ఒక్కటే చాలదండీ. తెల్లనుదురు బాతు కాళ్ళు కూడా నారింజరంగే, పైగా దాని పిల్లకు నుదుటి తెలుపు ఉండదు. గుంపులో కొత్తది కనబడితే ముందు ముక్కు చూడాలి. మూడో పాదం 'ముక్కుకంటెను, దొలియేటి ముద్దుకూన' అంటే?

నెల్లూరు సభ్యుడు: ముక్కు రావాల్సిందే, ఒప్పుకుంటున్నాను. 'కందు'ను మాత్రం వదలబుద్ధి కావడం లేదండీ. ఇలా మార్చాను:

ముక్కుకంటెను, దొలియేటి ముద్దుకందు

నిర్వాహకుడు: యతి నిలిచింది, పిల్లా నిలిచింది. ఇదే ఉంచండి.