ప్రోగ్రెస్ కార్డులో ఏముండాలి? మార్కులా, మాటలా?

రేణిగుంట నాన్న:
మా పాప తిరుపతిలో ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. మొన్న కార్డు ఇచ్చారు. లెక్కలు బి ప్లస్, తెలుగు ఎ, కింద ‘గుడ్, ఇంకా బాగా చదవాలి’. ఏది బాగా చదవాలి? ఇంట్లో కూర్చోబెట్టి 52లోంచి 27 తీసేయమంటే 35 అంటుంది. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచే రెండు తీసేస్తోంది. ఎక్కాలు మాత్రం గడగడా చెప్పేస్తుంది. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే చాలు కదా! మార్కులు తీసేసి మాటలు రాయాలంటాను.

కొర్లగుంట అమ్మ:
అన్నా, మాటలతోనే మేము మోసపోయాం. మా వాడికి ‘చురుకైనవాడు, స్నేహశీలి’ అని ప్రతిసారీ రాశారు. నాలుగులోకి వచ్చాక చూస్తే ఒత్తులు చదవలేడు. పైగా మా ఇద్దరికీ కొండ మీద షిఫ్టు డ్యూటీలు. స్కూలుకు వెళ్లేది మా అత్తమ్మ, ఆమెకు చదువు రాదు. నూటికి ముప్పై అంటే ఆమెకూ తెలుస్తుంది.

నగరి టీచర్:
నాది సర్కారు బడి. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. పిల్లల్ని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం అయితే పిల్లలు తమ గురించి, తోటివాళ్లు వాళ్ల గురించి చెప్పేది కూడా కార్డులో ఉండాలంది. వినడానికి బాగుంది. కానీ గడులు పెరిగేకొద్దీ అందరికీ వరసగా ఒకే టిక్కు పడుతుంది, మొహమాటం ఎందుకు?

పనికొచ్చే కొలత ఇప్పటికే ఉంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లెక్కన మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా అంకెలు రావాలి. ‘మీ వాడు 30 పదాల దగ్గరున్నాడు, ఒత్తులొస్తే ఆగిపోతున్నాడు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. మా దగ్గర ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది. ‘భ’ రాయమంటే ‘ప’ రాస్తారు, తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం మరి. ఉత్తినే ‘సి’ వేస్తే పిల్లాడిది మొద్దుబుర్ర అనుకుంటారు. కారణం రాస్తే రోజూ నాలుగు పదాలు పలికిస్తారు.

‘మొండి’, ‘పరధ్యానం’ లాంటివి మాత్రం కార్డుకెక్కించొద్దు. వచ్చే ఏడాది టీచరు కూడా ఆ కళ్లతోనే చూస్తారు.

చిత్తూరు మామ:
అన్నీ సరే. నవోదయ ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలోనే రాయాలి. అక్కడ మార్కులే అడుగుతారు. ర్యాంకు కూడా ఉంటేనే పిల్లలకు పట్టుదల వస్తుంది.

రేణిగుంట నాన్న:
మామా, పన్నెండో ర్యాంకు అని రాస్తే మా పాపకు తీసివేత వచ్చేస్తుందా?

కొర్లగుంట అమ్మ:
టీచరమ్మా, మీరు చెప్పినట్టు రెండు వాక్యాలు చాలు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినా మా అత్తమ్మ వింటుంది. మార్కులు తీసేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.