మా తాతమ్మ పేరు ఏ రికార్డులో దొరుకుతుంది?

పెరంబూరు అమ్మాయి:
మా నాన్నగారి నాయనమ్మ గురించి వెతుకుతున్నానండీ. చింతాద్రిపేటలో సొంతిల్లు, భర్త చిన్నవయసులోనే పోయాడు. 1914 సెప్టెంబరులో జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు వేసినప్పుడు జనం ఊరొదిలి పారిపోయారు కదా, ఆ గాభరాలో ఇల్లు వచ్చినకాడికి అమ్మేసి, కొడుకుని చంకనేసుకుని గూడూరులో పుట్టింటికి చేరిందట. వంశవృక్షంలో మగవాళ్లంతా ఉన్నారు, ఈవిడ పేరే లేదు. అందరూ 'మద్రాసవ్వ' అనేవాళ్లట. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల జాబితా) అంత వెనక్కి పోవడం లేదు. ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి వెళ్లనా?

పాత దస్తావేజు:
ఎగ్మోర్‌లో ఎక్కువగా సర్కారు శాఖల కాగితాలమ్మా. మీకు కావాల్సింది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకం. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు అందులోనే ఉంటాయి. ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. 'మీకెందుకు' అని అడిగితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం, సెక్షన్ 57 అని మర్యాదగా చెప్పండి.

కానీ ఆవిడ పేరుతో కాదు, మీ తాతగారి పేరుతో వెతకండి. అప్పట్లో తండ్రి పోయాక ఇల్లు కొడుక్కి వచ్చేది. పిల్లాడు మైనరు కాబట్టి తల్లి గార్డియన్‌గా నిశానీయో సంతకమో పెట్టి ఉంటుంది. 'మైనరు ఫలానా, అతని తల్లి, గార్డియన్ ఫలానా' అన్నచోట ఆవిడ పేరు బయటపడుతుంది. మైనరు ఆస్తి ఎందుకు అమ్ముతున్నారో కూడా మామూలుగా రాస్తారు. లేకపోతే పిల్లాడు పెద్దయ్యాక కోర్టుకెక్కుతాడని కొనేవాడికి భయం. భర్త చేసిన అప్పో, ఇల్లు గడవకపోవడమో, ఏదో ఒకటి అందులో ఉంటుంది. ఎమ్డెన్ భయం మాత్రం రాసి ఉండరు లెండి!

మింట్ వీధి:
స్పెల్లింగ్ జాగ్రత్త. మన చిన్నయ్య అరవ గుమాస్తా చేతిలో సిన్నయ్య అయిపోతాడు. 'సి' కింద లేకపోతే 'ఎస్' కింద చూడండి.

పెరంబూరు అమ్మాయి:
తాతయ్యకి అప్పుడు అయిదేళ్లు, మైనరే. ఆయన పేరుతో వెతకాలని తట్టనేలేదు! ఇల్లు కొన్నది పక్కింటి నగల వ్యాపారి అంటుంది మా మేనత్త. ఆ పేరుతో పనవుతుందా?

పాత దస్తావేజు:
భేషుగ్గా. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ ఒకటో ఇండెక్స్‌లోనే, అంటే ఆ పుస్తకం పేర్ల పట్టికలోనే, ఉంటారు. 1914తో ఆపకండి, 1916 దాకా చూడండి. ముందు ఊరొదిలి, తర్వాత తీరిగ్గా వచ్చి రాసిచ్చినవాళ్లూ ఉంటారు. ఆఫీసుల హద్దులు మారాయి, ఆ వీధి అప్పట్లో ఏ ఆఫీసు కిందకి వచ్చేదో కనుక్కుని మరీ ఫీజు కట్టండి.