14 ఏళ్ల స్కొంటో రాజ్యం లాత్వియా ఫుట్‌బాల్‌కి మేలా, చేటా?

లెఫ్ట్ వింగర్:
లాత్వియా టాప్ డివిజన్ విర్స్‌లీగాలో 1991 నుంచి 2004 దాకా ఏటా ఒకటే ఛాంపియన్, రాజధాని రీగా క్లబ్ స్కొంటో. 2005లో సముద్రం ఒడ్డు ఊరు లియెపాయా నుంచి వచ్చిన మెటలుర్గ్స్ ఆ వరసకి బ్రేక్ వేసింది. నన్నడిగితే ఆ ఓటమి అయిదారేళ్ల ముందే రావాల్సింది. కప్పు ఎవరిదో ముందే తెలిసిపోతే టికెట్ ఎవడు కొంటాడు? పైగా 1996 నుంచి 2018 దాకా దేశ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు గుంటిస్ ఇండ్రిక్సోన్స్. అప్పట్లో స్కొంటో అధిపతీ ఆయనే. ఆయన తప్పు చేశాడని నేను అనడం లేదు. కానీ ఒకే మనిషికి రెండు కుర్చీలుంటే జనానికి డౌటు రాదా?

బ్యాక్‌పాస్ బాబాయ్:
రెండు కుర్చీల మాట ఒప్పుకుంటా. కానీ మేలు సంగతి పూర్తిగా వదిలేశారే! 2003 నవంబర్‌లో యూరో (యూరప్ దేశాల కప్పు)కి అర్హత తేల్చే రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్. ఎదురుగా టర్కీ, అంతకు ముందు ఏడాదే వరల్డ్ కప్‌లో మూడో స్థానం కొట్టిన జట్టు. రీగాలో లాత్వియా 1-0తో గెలిచింది. ఇస్తాంబుల్‌లో 0-2తో వెనకబడ్డారు, ఇక అయిపోయిందనుకుంటే లైజాన్స్ ఒకటి, వెర్పాకోవ్‌స్కిస్ ఒకటి కొట్టి 2-2 చేశారు. టర్కీ ఇంటికి, లాత్వియా యూరో 2004కి. అక్కడ జర్మనీని 0-0తో ఆపారు. ఆ లాత్వియా జట్టు కోచ్ స్టార్కోవ్స్ స్కొంటో కోచ్ కూడా. వెర్పాకోవ్‌స్కిస్ అప్పుడు స్కొంటో ఆటగాడే. ఏడాది పొడవునా కలిసి ఆడినవాళ్లు కాబట్టే ఇస్తాంబుల్‌లో ఆ టెన్షన్ తట్టుకున్నారు.

లెఫ్ట్ వింగర్:
బాబాయ్, వెర్పాకోవ్‌స్కిస్ పుట్టింది లియెపాయాలో, ముందు ఆడింది మెటలుర్గ్స్‌కే. 2001లో స్కొంటో పట్టుకెళ్లింది. మర్రిచెట్టు కింద మొక్క మొలవదంటే ఇదే.

బ్యాక్‌పాస్ బాబాయ్:
పట్టుకెళ్లి ఏం చేసింది? అక్కణ్ణించి ఉక్రెయిన్ క్లబ్ డైనమో కీవ్‌కి వెళ్లాడు. అంతకు ముందు 1999లో లాత్వియా ఆటగాడు పహార్స్ ఇంగ్లండ్ క్లబ్ సౌతాంప్టన్‌కి వెళ్లిందీ స్కొంటో నుంచే. 1997లో బార్సిలోనా సొంత మైదానంలో 3-2 దాకా పోరాడి ఓడిన క్లబ్ అది. బయటి క్లబ్బుల కళ్లు అలాంటి చోటే పడతాయి.

రీగా విద్యార్థి:
నేను ఇక్కడే చదువుతున్నా. స్కొంటో స్టేడియంలో ఇప్పుడు ఆడేది రీగా ఎఫ్‌సీ. పక్కనే స్కొంటో హాల్, 2003 యూరోవిజన్ పాటల పోటీ జరిగింది అందులోనే. సీజన్ మార్చిలో మొదలవుతుంది. ఆ చలికి చేతులు జేబుల్లోంచి తీయబుద్ధి కాదు, గోల్ పడితే తప్ప చప్పట్లు వినపడవు. క్లాసులో లాత్వియా కుర్రాళ్లని అడిగితే ముందు హాకీ గురించే చెబుతారు. ఒక్క క్లబ్ రాజ్యం వల్లే జనం రావట్లేదనడం నాకు అతిగా అనిపిస్తుంది. ఎవరు గెలిచినా హాకీ హాకీయే.

ఆఫ్‌సైడ్ అప్పారావు:
అసలు 14 అని ఎలా లెక్కేస్తారండీ? 1991లో రీగాలోనే ఇంకో క్లబ్ పార్‌దౌగవా సోవియట్ రెండో అంచె లీగ్‌లో ఆడుతోంది. గట్టి జట్టు బయట ఉండగా గెలిచిన టైటిల్‌ది. నా లెక్కలో 13.

బ్యాక్‌పాస్ బాబాయ్:
అప్పారావు గారూ, 13 అయినా ఎక్కువేగా!

లెఫ్ట్ వింగర్:
లెక్క వదిలేయండి. స్కొంటో ఏమైంది? 2015 తర్వాత టాప్ లీగ్ లైసెన్స్ దక్కలేదు, 2016 చివర్లో దివాలా. ఒక్క మనిషి మీద నిలబడిన క్లబ్ గతి అంతే.

బ్యాక్‌పాస్ బాబాయ్:
మరి మీరు మెచ్చుకునే మెటలుర్గ్స్? అది ఉక్కు ఫ్యాక్టరీ క్లబ్. 2013లో ఫ్యాక్టరీ కుప్పకూలింది, ఆ సీజన్‌తో క్లబ్బూ పోయింది. లియెపాయాలో కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. 2005లో గెలిచింది పోటీ అంటున్నారు. నాకైతే ఒక జేబు డబ్బుని ఇంకో జేబు డబ్బు ఓడించింది, అంతే.

లెఫ్ట్ వింగర్:
అయినా ఒక జేబు కంటే రెండు జేబులు నయం కదా బాబాయ్! 2006 నుంచి వరసగా మూడేళ్లు ఇంకో క్లబ్ వెంట్స్‌పిల్స్ గెలిచింది. 2005లో తలుపు తెరుచుకోకపోతే ఆ ధైర్యం వచ్చేదా?

రీగా విద్యార్థి:
వెంట్స్‌పిల్స్ పేరు మీరే తీశారు కాబట్టి అడుగుతున్నా. మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో 2021లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఏడేళ్లు బ్యాన్ చేసింది వాళ్లనే కదా?

లెఫ్ట్ వింగర్:
వాళ్లనే. అది 2021 సంగతి తమ్ముడూ, 2006 టైటిల్‌కి దాన్ని అంటగట్టొద్దు.