హాలు గోడకి మ్యూరల్: గోడమీదే వేయించాలా, కాన్వాస్ మీదా?

అమలాపురం దగ్గర డాబా ఇల్లండి. హాల్లో పడమటి గోడ 10 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. దానిమీద కాలువ, పడవ, కొబ్బరితోట ఎక్రిలిక్ రంగుల్లో వేయించాలి. చిత్రకారుడు నేరుగా గోడమీదే వేస్తానంటున్నారు.

బెంగంతా చెమ్మతోనే. వానాకాలంలో కింది 2 అడుగుల మేర ఉప్పు తేలి లప్పం పొడిపొడిగా రాలుతోంది. పాలిథిన్ షీటు నాలుగు పక్కలా టేపుతో అంటించి 24 గంటలు ఉంచితే, గోడవైపు నీటి బొట్లు కట్టాయి. అంటే తేమ గోడలోంచే వస్తోంది. మళ్లీ లప్పం పెట్టి పైన వార్నిష్ కొడితే ఆ తేమకి దారి ఉండదు, రంగు బుడగలొచ్చి పెచ్చులూడుతుంది. కాబట్టి అది వద్దు.

3 అడుగుల ఎత్తు దాకా ప్లాస్టరు ఇటుక కనపడేలా కొట్టించి కొత్తది చేయిస్తే, 28 రోజుల ఆరుదల మన డెల్టాలో చాలుతుందా, ఒక వేసవి ఆగాలా? పునాది నుంచి ఎక్కే చెమ్మ ఆగకపోతే ఇదీ దండగే కదా?

లేదంటే కాన్వాస్ మీద వేయించి, గోడకి అంగుళం ఎడంగా చెక్క ఫ్రేముతో బిగిస్తే వెనక బూజు పడుతుందా? నాకు ఇదే మేలనిపిస్తోంది.

ఏడాదిలోపు ఉప్పు తేలితే బాగుచేసే ఖర్చు ఎవరిదో అడ్వాన్సు ఇచ్చేముందు కాగితంమీద ఎలా రాసుకుంటారు? కోనసీమలో వేయించినవాళ్లు చెప్పగలరు.