దండు, దండుగ, దండుకోవడం: ఒకే ఇంటి మాటలేనా?

2021 ఆగస్టు 15 రాత్రి. హనుమకొండలో మా ఇంట్లో టీవీలో కాబూల్ వార్తలు: అమెరికా దండు వెళ్లిపోతోంది, తాలిబన్లు ఊరు పట్టుకున్నారు. బాపు పల్లీలు ఒలుస్తూ చూస్తున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు: "ఇరువై ఏండ్లు కొట్లాడి, గంత పైస పెట్టి, మల్ల గాళ్లకే అప్పజెప్పిండ్రా? దండుగ గదా!"

పొట్టు ఊదేసి మళ్లీ పల్లీల్లో పడ్డాడు. నాకు మాత్రం ఆ మాట అక్కడే ఆగిపోయింది. దండు పోయింది, దండుగైంది. ఈ రెంటికీ చుట్టరికం ఉందా? ఈ గుంపులో తెలిసినవాళ్లు చెప్పాలి.

జనగామ నుంచి ఒక మాస్టారు:
ఉంది. సంస్కృతంలో 'దండం' అంటే కర్ర, శిక్ష, జరిమానా, సైన్యం కూడా. కౌటిల్యుడు రాజ్యానికి చెప్పిన ఏడు అంగాల్లో 'దండం' అంటే సైన్యమే. దానికి మూలం కోశం, అంటే ఖజానా అనీ ఆయనే అన్నాడు. మన 'దండుగ'కు పాత అర్థం జరిమానా. ఊరి పంచాయితీలో 'దండుగ కట్టిండు' అనేవాళ్లు. ఊరికే పోయిన సొమ్ము అనే అర్థం తర్వాత బలపడింది.

నేను:
అయితే బాపు తెలియకుండానే రెండర్థాలూ వాడాడన్నమాట. బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు అఫ్గాన్ యుద్ధానికి అమెరికా ఖర్చు 2.3 లక్షల కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అందులో చాలా భాగం అప్పే. 2,400 మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. అఫ్గాన్ సైనికులు, పోలీసులైతే వేలకు వేలు. బిన్ లాడెన్ కోసమని 2001లో వెళ్లారు. అతను 2011 మే నెలలో చచ్చాడు, అదీ పాకిస్తాన్‌లో. యుద్ధం ఇంకో పదేళ్లు నడిచింది. కారణం తీరిపోయాక కొత్త కారణం వెతుక్కున్న యుద్ధాన్ని దండుగ అనక ఏమనాలి?

కరీంనగర్ నుంచి ఒక అక్క:
అంత తొందరగా అనకు తమ్మీ. ఆ ఇరవై ఏళ్లలో లక్షల మంది ఆడపిల్లలు బడికి పోయారు. అదీ దండుగేనా? ఇప్పుడు ఆరో తరగతి దాటినవాళ్లకు బడి లేదు. జరిమానా కడుతున్నది వాళ్లే, తప్పు చేసినవాళ్లు కాదు. మాస్టారు చెప్పిన పాత అర్థమే ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

నేను:
నిజమే అక్కా. నేను సొమ్ము లెక్కే చూశాను.

ఖిలా వరంగల్ నుంచి ఇంకో సభ్యుడు:
మా కోటలో విరిగిన రాతి స్తంభాల మధ్య పొద్దున్నే నడుస్తుంటాను, నాకు ఇంకో ఇరవై ఏళ్లు గుర్తొస్తాయి. 1303 నుంచి 1323 దాకా ఢిల్లీ దండు ఐదుసార్లు ఓరుగల్లు మీదికి వచ్చింది. మొదటిసారి ఓడి పోయింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఏనుగులు, గుర్రాలు, ధనం పట్టుకుపోయాడు. 1318లో వచ్చిన సాకు కప్పం బాకీ. 1321లో ఢిల్లీ నుంచి తపాలా ఆగి, సుల్తాన్ పోయాడని పుకారు లేస్తే శిబిరమే చెదిరిపోయింది. 1323లో కోట పడింది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. దండు వచ్చిన ఖర్చూ మన దగ్గరే 'దండుకున్నారు'. వాళ్లకు దండుగ కాలేదు, మనకైంది. ఈ మూడో మాటా ఆ కుటుంబంలోదే కదా మాస్టారూ?

మాస్టారు:
కావచ్చు. 'దండుకొను' అంటే వసూలు చేసుకోవడం. యుద్ధంలో ఆయుధాలమ్మేవాళ్లకు, కాంట్రాక్టర్లకు ఎప్పుడూ ఆ మాటే వర్తిస్తుంది.

అక్క:
మరి 'దండిగ'? అదీ వీటితోదేనా?

మాస్టారు:
దాన్ని కలపకండి. 'దండి' అంటే బాగా, నిండుగా. మా ఊళ్లో అన్నట్టు, "పెండ్లిల పప్పు దండిగ వండిండ్రు, సగం దండుగైంది."