ఒళ్లు నొప్పుల మనిషికి నిలబడితే గుండెదడ: మంచాన పడినందుకా, పాట్స్ జబ్బా?

వెన్నెలగూడు:
మా చెల్లికి ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా ఎడతెగని నొప్పులుండే జబ్బు. ఈమధ్య లేచి నిలబడితే చాలు, దడ, కళ్ల ముందు చీకట్లు. ఒక డాక్టరు పాట్స్ (POTS, నిలబడగానే నాడి అతిగా పెరిగే జబ్బు) అన్నారు. ఇంకొకరు, నొప్పికి భయపడి మంచం దిగడం మానేసినందుకే ఈ దడ, రోజూ నడిపించండి అన్నారు. ఎవరి మాట వినాలి?

తుమ్మచెట్టు:
రెండో డాక్టరుదే. వారాల తరబడి పడుకుంటే ఒంట్లో రక్త పరిమాణం తగ్గుతుంది, లేవగానే ఎవరికైనా దడే. ప్రతి బాధకూ కొత్త పేరు తగిలిస్తే మిగిలేవి మందుల చీటీలే.

గోదారిగట్టు:
కాదనను. కానీ వైరల్ జ్వరమో కోవిడో వచ్చి తగ్గాక, అప్పటిదాకా చకచకా తిరిగినవారికి దడ మొదలై, ఆ తర్వాతే మంచమెక్కినవారూ ఉన్నారు. పైగా పాట్స్‌లో కొందరికి నిలబడినప్పుడు మెడ వెనక, భుజాల మీద పట్టేసినట్టు నొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆ కండరాలకు రక్తం చాలకపోవడమే కారణమని ఒక వివరణ. దాన్నీ ఫైబ్రోమయాల్జియా ఖాతాలోనే రాసేస్తున్నాం.

ముందు కొలవండి. కాసేపు పడుకోబెట్టి నాడి చూడండి. తర్వాత గోడకు ఆనుకుని 10 నిమిషాలు నిలబెట్టి, నాడి, బీపీ రాయండి. పక్కన మనిషి ఉండాలి. బీపీ పడిపోకుండా నాడి నిమిషానికి 30, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల వారికైతే 40, అంతకు మించి పెరిగి, ఈ బాధ 3 నెలలుగా ఉంటే పాట్స్‌ను అనుమానించాలి. రక్తహీనత, థైరాయిడ్ సంగతి తేలాకే ఆ పేరు. మన ఆడవాళ్ల హిమోగ్లోబిన్ గురించి చెప్పేదేముంది! నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ కూడా నాడిని పెంచగలవు. డాక్టరుతో చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

తుమ్మచెట్టు:
మంచాన పడినవారి నాడీ అలాగే పెరుగుతుంది. కొలిస్తే కారణం తేలుతుందా? చివరికి చేయించేది వ్యాయామమే కదా!

గోదారిగట్టు:
కారణం తేలకపోవచ్చు, చేయించే తీరు మారుతుంది. మొదట నడక వద్దు. పడుకుని కాళ్లెత్తడం, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిలు, ఈత. తొలిరోజే నడిపిస్తే కళ్లు తిరిగి కూలబడతారు, ఇక వ్యాయామం పేరెత్తరు. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులు లేకపోతే డాక్టర్లు ఉప్పు పెంచి, రోజుకు 2, 3 లీటర్ల నీళ్లు తాగమంటారు. నడుము దాకా బిగుతు మేజోళ్లు కూడా. (ఉప్పు పెంచమన్నారంటే ఇంట్లో పెద్దలు నమ్మరు, అది వేరే యుద్ధం.)

వెన్నెలగూడు:
డులాక్సెటిన్ సంక్రాంతి తర్వాత మొదలుపెట్టారు. దడ దీపావళి నాటికే ఉందని అమ్మ అంటోంది. బీపీ మిషను పక్కింటివాళ్లను అడిగాను, రేపు పొద్దున చెల్లి మంచం దిగకముందే మొదలుపెడతాం.